అన్ని లోకాలకూ ఒకే రూల్‌బుక్కా?

ఈ సంవాదంలోని ఇద్దరూ నా కల్పన. తగువు మాత్రం కల్పన కాదు. బల్ల చుట్టూ కూర్చుని రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడేవాళ్లు దశాబ్దాలుగా దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. బాబాయి అమెరికాలో, ఆస్టిన్‌లో స్థిరపడ్డ తెలుగు ఇంజనీరు, గర్ప్స్ అనే ఆటకు వీరాభిమాని. మైథిలి ఆయన అన్నగారి అమ్మాయి. హైదరాబాదులో డిగ్రీ అయ్యాక పైచదువుకని అదే ఊరు చేరింది. కథకో ఆట ఉండాలంటుంది, తనే కొన్ని రాసింది కూడా.

ఈ ఆటలు ఎరగనివాళ్లకు రెండు ముక్కలు. 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్లో పిల్లలు ఇంటి కింది గదిలో చేరి ఆడేది ఇలాంటిదే. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. లోకం ఎలా ఉందో, ఎదురైనవాడు ఏమన్నాడో ఆ మనిషి చెప్పాలి. మిగిలినవాళ్లది తలా ఒక పాత్ర. "గోడ దూకుతాను" అని ఒకరంటే, దూకగలిగారో కాలు విరిగిందో తేల్చడానికి పాచికలూ రూల్సూ. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అచ్చు వేయడంతో ఈ రకం ఆట బజారుకెక్కింది. అది కత్తులూ మంత్రాలూ ఉన్న లోకానికి రాసింది. మరి అంతరిక్షానికో? డిటెక్టివ్ కథకో? ప్రతిదానికీ కొత్త రూల్స్ నేర్చుకునే బదులు అన్నిటికీ సరిపోయేవి ఒక్కసారి రాసి పారేస్తే పోదా అన్నది గర్ప్స్ ఆలోచన.

*

మైథిలి: బాబాయ్, ఈ అల్మరా నిండా ఒకే ఆట పుస్తకాలా? రోము, జపాన్, వైకింగులు, అంతరిక్షం... ఇదేంటి, కుందేళ్లా?

బాబాయి: 'బన్నీస్ అండ్ బరోస్'. అందరూ కుందేళ్లుగా ఆడాలి. నవ్వకు, నక్క ఎదురైనప్పుడు తెలుస్తుంది. అల్మరాలో ఎన్నున్నా అసలు రూల్స్ అదిగో, ఆ మొదటి రెండు సంపుటాల్లోవే. 2004లో వచ్చిన నాలుగో ఎడిషను. మిగతావన్నీ లోకాలు. రూల్స్ ఒకసారి వంటబట్టించుకో, తర్వాత ఏ లోకానికి పోతావో నీ ఇష్టం.

మైథిలి: ఆ ఒక్కసారికే ఒక సెమిస్టరు పట్టేట్టుంది.

బాబాయి: ముప్పై రెండు పేజీల 'గర్ప్స్ లైట్' ఊరికే ఇస్తారమ్మా. అసలు రూలు ఒక్క వాక్యం. మూడు మామూలు పాచికలు వేసి కూడు. నీ స్కిల్ అంకెకు సమానమో, తక్కువో వస్తే పని అయినట్టు. స్కిల్ 10 ఉంటే సగానికి సగం. 12 ఉంటే 74 శాతం. 14 ఉంటే దాదాపు 91. ఇందులో ఒక అందం ఉంది, చూడు. 10 నుంచి 11కి ఎక్కితే నీ అవకాశం పన్నెండున్నర శాతం పెరుగుతుంది. 15 నుంచి 16కి ఎక్కితే మూడు శాతం కూడా పెరగదు. కొత్తగా నేర్చుకునేవాడికి ఒక్క అడుగులో బోలెడు తేడా కనిపిస్తుంది. చేయి తిరిగినవాడికి మిగిలింది మెరుగు పెట్టుకోవడమే. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇరవై ముఖాల పాచిక ఒక్కటే వేస్తారు. అక్కడ ప్రతి మెట్టూ ఐదు శాతమే. పండితుడూ పామరుడూ ఒకేలా తడబడతారు.

మైథిలి: లెక్క బాగుంది. ఒప్పుకుంటాను. ఏ పనికి లెక్క అన్నదే నా ప్రశ్న. గోడ దూకడం, తాళం తీయడం, కత్తి తిప్పడం... వీటికి మీ పాచికలు చక్కగా సరిపోతాయి. చెల్లెలికి అన్నయ్య క్షమాపణ చెప్పాలి. దానికీ మూడు పాచికలేనా?

బాబాయి: ఎదుటివాళ్లు నిన్ను ఎలా చూస్తారో తేల్చడానికి రియాక్షన్ రోల్ ఉంది. ఒప్పించడానికి డిప్లొమసీ స్కిల్ ఉంది. చాలకపోతే 'సోషల్ ఇంజనీరింగ్' అని విడిగా ఒక పుస్తకమే ఉంది.

మైథిలి: విడిగా కొనుక్కోవాలి. కత్తి మాత్రం అసలు పుస్తకంలోనే వస్తుంది. ఎందుకో మీకు నాకంటే బాగా తెలుసు. ఈ ఆట ఎలా పుట్టిందో చెప్పండి.

బాబాయి: ఈ ఊళ్లోనే పుట్టింది. స్టీవ్ జాక్సన్ అనే కుర్రాడు మెటాగేమింగ్ అనే కంపెనీకి 1977లో 'మెలీ' అని జేబులో పట్టే ఆట రాశాడు. ఆరుకోణాల గళ్లున్న పటం మీద ఇద్దరు యోధులు తలపడతారు, అంతే. మరుసటి ఏడు మంత్రగాళ్ల కోసం 'విజర్డ్'. వాటిని కలిపి, పెంచి, 1980లో 'ద ఫ్యాంటసీ ట్రిప్' అని పూర్తిస్థాయి ఆట చేశారు. ఆపైన జాక్సన్ బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 1983లో మెటాగేమింగ్ మూతపడింది. తన ఆట తాను కొనుక్కుందామని వెళ్తే 2,50,000 డాలర్లు అడిగారట. అంత డబ్బెక్కడిది? మొదటినుంచీ మళ్లీ రాశాడు. 1985లో 'మ్యాన్ టు మ్యాన్' అని పోరాటం రూల్స్ ముందు వచ్చాయి, 1986లో బేసిక్ సెట్ వచ్చింది. పాత ఆట హక్కులు 2017లో మళ్లీ ఆయన చేతికి వచ్చాయిలే, అది వేరే సంగతి.

మైథిలి: మీ నోటితోనే చెప్పారు. ముందు కత్తులు పుట్టాయి, లోకాలన్నీ తర్వాత వచ్చి వాటి మీద కూర్చున్నాయి. అందుకే గర్ప్స్ పోరాటంలో ఒక్కో టర్ను ఒక్క సెకను. పది సెకన్ల కొట్లాటకు బల్ల దగ్గర గంట పడుతుంది. అదే ఏడాది కాపురానికి ఒక రోలు. దేని మీద ఎంతసేపు గడపాలో రూల్సే చెప్పేస్తున్నాయి. అన్ని లోకాలకూ ఒకేలా పనికొచ్చేది ఇలా ఉంటుందా? ఇది మల్లయుద్ధం గోదా. మిగతా లోకాలకు అద్దెకిస్తున్నారు.

బాబాయి: పుట్టుక ఎక్కడైతేనేం? ఆ లెక్కన చూస్తే నీకిష్టమైన 'కాల్ ఆఫ్ క్తూలూ' మాత్రం ఎక్కడ పుట్టింది?

మైథిలి: కేయాసియం కంపెనీ, 1981. శాండీ పీటర్సన్ రాశాడు.

బాబాయి: ఏ రూల్స్ మీద రాశాడు? అదే కంపెనీవాళ్లు 1978లో 'రూన్‌క్వెస్ట్' చేశారు. దాని ఎముకల గూడు ఒలిచి 1980లో పదహారు పేజీల 'బేసిక్ రోల్‌ప్లేయింగ్' అని అచ్చు వేశారు. నూటికి ఇంత అని స్కిల్స్, వాటి కింద వస్తే గెలుపు. ఆ గూటి మీదే నీ క్తూలూ నిలబడింది. నువ్వు ప్రత్యేకం, ప్రత్యేకం అని మెచ్చుకునేదాని కింద ఉన్నది అందరికీ పనికొచ్చే సరుకే.

మైథిలి: గూడు అదే. అందులో ప్రాణం ఎక్కడుందో చూడండి. క్తూలూలో ప్రతి పాత్రకూ మతిస్థిమితానికి ఒక అంకె ఉంటుంది. భయంకరమైనది చూసినప్పుడల్లా తగ్గుతుంది. అంతవరకు ఏ హారర్ ఆటలోనైనా చేయొచ్చు. అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. ఆ లోకంలోని రహస్య దేవతల గురించి నీకు తెలిసిందానికి కూడా ఒక స్కిల్ ఉంది, క్తూలూ మిథోస్ అని. అది ఎంత పెరిగితే నీ మతిస్థిమితం గరిష్ఠ పరిమితి అంత తగ్గుతుంది. తొంభై తొమ్మిదిలోంచి దాన్ని తీసేయాలి. రాక్షసుల్ని ఆపాలంటే పుస్తకాలు చదవాలి. చదివిన ప్రతి పుస్తకమూ తిరిగిరాని నష్టమే. కథలో డిటెక్టివ్ గ్రంథాలయంలోకి అడుగుపెడుతుంటే ఆడేవాళ్ల గుండెలు దడదడలాడతాయి. ఏ ఆటలోనైనా స్కిల్ పెరిగితే పండగ, ఇక్కడ పెరిగితే ఏడుపు. ఈ ఆటకు మూలమైన లవ్‌క్రాఫ్ట్ కథల సారమంతా ఒక్క తీసివేతలో పట్టేశారు. మీ గర్ప్స్‌లో ఇది ఎక్కడుంది?

బాబాయి: ఫ్రైట్ చెక్ ఉంది. మనోబలం మీద రోల్ వేయాలి. తప్పితే ఎంత తప్పిందో చూసి ఇంకో పట్టిక. నివ్వెరపోవడం నుంచి మూర్ఛ దాకా, జన్మంతా వెంటాడే భయాల దాకా అన్నీ ఉన్నాయందులో. 1995లో 'క్తూలూపంక్' అని గర్ప్స్ పుస్తకం కూడా వచ్చింది.

మైథిలి: అందులో భయం ఒక సంఘటన. వస్తుంది, పోతుంది. క్తూలూలో భయం బ్యాంకు ఖాతా, తీయడమే తప్ప వేయడం ఉండదు దాదాపు. ఇంకో ఉదాహరణ చూడండి. 2000లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వాళ్లు తమ డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్స్‌ను డి-ట్వంటీ అనే పేరుతో అందరూ వాడుకోవచ్చని లైసెన్సు ఇచ్చారు. ఇక ప్రతి లోకమూ ఆ చొక్కా తొడుక్కుంది. 2002లో క్తూలూకూ అదే కట్టబెట్టారు. ఆ రూల్స్‌లో అనుభవం పెరిగేకొద్దీ దెబ్బలు తట్టుకునే శక్తీ పెరుగుతుంది. నలుగురు రాక్షసుల్ని చూసినవాడు ఐదోవాడికి గట్టిపడి ఉంటాడు. భయపడాల్సిన కథ కాస్తా సాహసగాథ అయి కూర్చుంది. ఆటలు రాసే రాన్ ఎడ్వర్డ్స్ 'సిస్టమ్ డజ్ మ్యాటర్' అని వ్యాసం రాసింది ఊరికే కాదు.

(ఇక్కడ నేనొక మాట కలపాలి. మైథిలి చెప్పింది నిజమే గాని, బాబాయి కూడా ఓడిపోలేదు. ఆ ఒక్క తీసివేత రాయడానికి పీటర్సన్‌కు తీరిక దొరికింది, మిగతా తొంభై పాళ్లు అప్పటికే రాసి ఉండబట్టి. ఎక్కడం, దూకడం, తుపాకీ పేల్చడం వంటివి మళ్లీ కనిపెట్టే పని లేకపోయింది. ఇద్దరూ దీన్ని పట్టించుకోకుండా ముందుకు పోయారు.)

బాబాయి: సరే, రూల్స్ పక్కన పెట్టు. గర్ప్స్ బలం పుస్తకాల్లో ఉంది. ఒక్కో పుస్తకం వెనక ఎంత చదువు ఉంటుందో నీకు తెలియదు. ఆట ఆడనివాళ్లు కూడా చరిత్ర కోసం కొనుక్కుంటారు. అంతెందుకు, 1990లో సైబర్‌పంక్ పుస్తకం రాస్తున్నప్పుడు అది మరీ నిజంలా ఉందని అమెరికా సీక్రెట్ సర్వీస్ వాళ్లు ఆఫీసు మీద దాడి చేసి పట్టుకుపోయారు! ఇంతకంటే యోగ్యతాపత్రం ఏం కావాలి?

మైథిలి: బాబాయ్, ఈ కథ మీ తరంవాళ్లందరూ ఇలాగే చెబుతారు. దాడి జరిగింది నిజం, 1990 మార్చి 1న. కానీ వాళ్లు వచ్చింది ఆట పుస్తకం కోసం కాదు. ఆ పుస్తకం రాస్తున్న లాయిడ్ బ్లాంకెన్‌షిప్ మీద హ్యాకర్ల కేసులో అనుమానం ఉంది. ఎమర్జెన్సీ ఫోన్ల గురించిన ఒక టెలిఫోన్ కంపెనీ పత్రం కోసం వెతుకుతున్నారు. కంప్యూటర్లు పట్టుకుపోతుంటే వాటిలో ఈ రాతప్రతి కూడా పోయింది. తర్వాత కంపెనీవాళ్లు వెళ్లి అడిగితే ఇది కంప్యూటర్ నేరాలకు చేతిపుస్తకంలా ఉందని ఒక ఏజెంటు అన్నాడట.

బాబాయి: అన్నాడుగా మరి!

మైథిలి: అన్నాడు. అయితే అది మీ పరిశోధనకు మెచ్చుకోలా, ఆయన చదువుకు కొలతా అనేది నేను చెప్పలేను.

బాబాయి: కోర్టుకెళ్లి గెలిచారు తెలుసా? 1993లో జడ్జి శామ్ స్పార్క్స్ 50,000 డాలర్లకు పైగా నష్టపరిహారం, లాయరు ఖర్చులు విడిగా ఇప్పించాడు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ తొలి రోజుల్లో నెత్తినెత్తుకున్న కేసు అది. ఈమెయిళ్లకు రక్షణ ఉందా లేదా అన్న ప్రశ్న ఒక ఆటల కంపెనీ పుణ్యమా అని కోర్టుకెక్కింది. పుస్తకం మాత్రం దాడి జరిగిన ఏడే తేలింది. సీక్రెట్ సర్వీస్ జప్తు చేసిన పుస్తకం అని అట్ట మీదే వేసుకున్నారు.

మైథిలి: వ్యాపారం తెలిసినవాళ్లు. అది సరే, ఆ పుస్తకాల గొప్పతనాన్ని నేను కాదనలేదే. రోము గురించి మంచి పుస్తకం రాశారు, సంతోషం. దాన్ని మీ రూల్స్‌తోనే ఆడాలని ఎక్కడుంది? మీ 'ఫాలౌట్' సంగతి గుర్తుందా?

బాబాయి: కంప్యూటర్ గేమా? టిమ్ కేన్ దాన్ని గర్ప్స్ మీదే మొదలుపెట్టాడు. ఇంటర్‌ప్లే కంపెనీ లైసెన్సు కూడా తీసుకుంది.

మైథిలి: 1997లో ఒప్పందం చెడింది. గర్ప్స్ పీకేసి దాని స్థానంలో 'స్పెషల్' అని ఏడు లక్షణాలతో సొంత రూల్స్ పెట్టుకున్నారు. అదే ఏడు గేము విడుదలైంది. కూలిపోయిందా? ఆ ఏడు ఇంగ్లీషు అక్షరాలు ఇవాళ్టికీ ఆ సిరీస్‌కు ముద్రలా ఉన్నాయి. టీవీ సీరియల్ కూడా వచ్చింది. ఎక్కడైనా సరిపోయేది అంటే ఎక్కడినుంచైనా తీసేయగలిగేదనే కదా అర్థం.

బాబాయి: వితండవాదం! పాత్రకు పాయింట్లు పంచుకోవడం, ఒక లాభానికి ఒక నష్టం ముడిపెట్టడం, ఇవన్నీ గర్ప్స్ వాసనలే అందులో. అద్దె ఇల్లు ఖాళీ చేసినా గోడల రంగు నచ్చి అదే రంగు వేయించుకున్నట్టు.

*

వాదం ఇంతవరకూ విదేశీ సరుకు మీదే నడిచింది. ఈ తర్వాతి భాగమే నాకు నచ్చింది. గర్ప్స్ పేరులోనే 'యూనివర్సల్', అంటే విశ్వమంతటికీ అన్న మాట ఉంది కాబట్టి, మన కథ ఒకటి తెచ్చి దాని ముందు పెట్టడం న్యాయమే.

*

బాబాయి: సరే, నువ్వే ఒక కథ చెప్పు. ఏదైనా సరే. గర్ప్స్‌లో ఎలా ఆడిస్తానో చూపిస్తాను.

మైథిలి: పల్నాటి యుద్ధం.

బాబాయి: భేష్. టెక్నాలజీ లెవల్ మూడు, మధ్యయుగం. గర్ప్స్‌లో రాతియుగం నుంచి ఊహాలోకపు భవిష్యత్తు దాకా సున్నా నుంచి పన్నెండు మెట్లున్నాయి. నువ్వు ఎవరిగా ఆడతావు?

మైథిలి: బాలచంద్రుడు.

బాబాయి: ఒక్కో ఆటగాడికి 150 పాయింట్లు. బలం, చురుకు, తెలివి, ఆరోగ్యం, నాలుగూ 10 దగ్గర మొదలవుతాయి. చురుకు 12 కావాలంటే 40 పాయింట్లు పోతాయి, మెట్టుకు ఇరవై. కుర్రాడు కాబట్టి లోపాలు కూడా రాద్దాం. లోపం తీసుకుంటే పాయింట్లు తిరిగొస్తాయి. మితిమీరిన ఆత్మవిశ్వాసం, మైనస్ 5. దుడుకుతనం, మైనస్ 10. తనతో పెరిగిన తోటివాళ్లను విడిచిపెట్టలేడు, దానికి ఇంకో మైనస్ 5. ఇరవై పాయింట్లు చేతికొచ్చాయి. అవి కత్తి మీద పెట్టు. పదిహేడు దాకా వెళ్తుంది స్కిల్. పల్నాడంతా వెతికినా నీ సాటి లేడు.

మైథిలి: అంటే ఆగమంటే ఆగని కుర్రాడు కాబట్టి కత్తి బాగా తిప్పుతాడు.

బాబాయి: అలా కాదు. లోపమంటే ఆటగాడికీ గేమ్ మాస్టర్‌కీ మధ్య ఒప్పందం. నేను నిన్ను రెచ్చగొట్టే సందర్భం తెచ్చినప్పుడు, నువ్వు నిగ్రహించుకోవాలంటే మూడు పాచికల్లో 12 లోపు రావాలి. అంటే సుమారు నాలుగుసార్లలో ఒకసారి నీ మాట నువ్వే వినవు. ఇంకా దుడుకుగా కావాలంటే ఆ 12ను 9 చేసుకో, 6 చేసుకో. పాయింట్లు ఇంకా వస్తాయి. పాత్ర స్వభావాన్ని గాలికి వదలకుండా అంకెల్లో నిలబెట్టడం ఇది. అంతకుముందు ఆటల్లో ఇంత పట్టుగా ఎంతమంది చేశారు?

మైథిలి: ఛాంపియన్స్ చేసింది, 1981లో. సూపర్‌హీరోల ఆట. తర్వాత అదీ హీరో సిస్టమ్ అని అన్ని లోకాల ఆటగా మారింది. సరే, బాలచంద్రుణ్ణి ఒప్పుకుంటాను. ఇప్పుడు ఇంకొకరు. మాల కన్నమదాసు. బ్రహ్మనాయుడి సేనాని.

బాబాయి: యోధుడు. కత్తి, నాయకత్వం, వ్యూహం...

మైథిలి: కులం?

బాబాయి: దానికి సోషల్ స్టిగ్మా అని ఉంది. సమాజం చిన్నచూపు చూసే వర్గం. రియాక్షన్ రోల్స్‌లో మైనస్ 2. పాయింట్లలో...

మైథిలి: చెప్పండి.

బాబాయి: మైనస్ 10. పది పాయింట్లు తిరిగొస్తాయి.

మైథిలి: అంటరానితనానికి పది పాయింట్ల పరిహారం. దానితో ఇంకో నాలుగు స్కిల్స్ కొనుక్కోవచ్చు. ఆటగాడు ఆ గీత ఎందుకు రాసుకుంటాడు బాబాయ్? కన్నమదాసు అవమానాన్ని మోయడానికా, విలువిద్య పెంచుకోవడానికా?

బాబాయి: ఆ రూలు ఉన్నది అన్యాయాన్ని లెక్కలోకి తేవడానికే. లేదంటే అందరూ సమానమన్నట్టు నటించాలి. నేను గేమ్ మాస్టర్‌గా ఉంటే ఆ మైనస్ రెండు ఊరికే పోనివ్వను. సత్రంలో, సభలో, బావి దగ్గర, ప్రతిచోటా తగిలేట్టు చూస్తాను.

మైథిలి: మీరు మంచి గేమ్ మాస్టర్ కాబట్టి. రూల్స్ మంచివి కాబట్టి కాదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు. అన్ని కులాలవాళ్లనూ ఒక చాప మీద కూర్చోబెట్టి తినిపించాడు. ఆ కథలో యుద్ధం కంటే పెద్ద సంగతి అది. మీ రెండు సంపుటాల్లో ఆ భోజనానికి రూలు లేదు. తినడమంటే అలసట తీరడం, ఆకలితో బలం తగ్గకపోవడం. పక్కపక్కన కూర్చోవడం వల్ల ఎవరి మనసులో ఏం మారింది, బయట ఎవరికి కడుపు మండింది, అవతలి పక్షపు నాగమ్మ దాన్ని ఎలా వాడుకుంది... దీనికే నేను రూల్స్ రాస్తాను. కత్తికి ఒక్క రోలు చాలు.

(బాబాయి దగ్గర దీనికి జవాబు లేదని నేననుకుంటున్నాను. కొలవలేనిదాన్ని కొలిచారని కాదు తప్పు. ధర పెట్టిన ప్రతిదీ బేరానికి వస్తుంది, బేరానికి వచ్చిన చోట ఆటగాడు లాభం చూసుకుంటాడు. అది ఆటగాడి దోషం కాదు, ఆట అతనికి నేర్పింది అదే.)

బాబాయి: నువ్వయితే ఏ ఆట తీసుకుంటావు దీనికి? ఉన్నవాటిలో?

మైథిలి: 'పెండ్రాగన్'. గ్రెగ్ స్టాఫర్డ్, 1985. ఆర్థర్ రాజు కథలకు రాసింది. అందులో గుణాలన్నీ జంటలు. దయ, క్రౌర్యం. వివేకం, దుందుడుకు. ధైర్యం, పిరికితనం. జంట మొత్తం ఎప్పుడూ ఇరవై. దయ పెరిగితే క్రౌర్యం తగ్గి తీరాలి. వాటికి పాయింట్లు తిరిగిరావు. నువ్వేం చేశావో దాన్నిబట్టి అవి మారతాయి. గుణం పదహారుకు చేరితే లోకమంతా నిన్ను దానితోనే గుర్తుపడుతుంది, ఆ గుణమే నిన్ను నడిపిస్తుంది. ప్రభుభక్తి, ద్వేషం, ప్రేమ విడిగా ఉంటాయి. యుద్ధంలో ప్రభుభక్తిని తలుచుకుని రోల్ గెలిస్తే పూనకం వచ్చినట్టు పోరాడతావు. ఓడితే కుంగిపోతావు. పైగా ఏడాదికో సాహసం, చలికాలంలో ఇంటికి చేరి పెళ్లి, పిల్లలు, పొలం. నువ్వు చచ్చిపోతే నీ కొడుకుతో ఆట సాగుతుంది. తండ్రి పగ కొడుక్కి వారసత్వంగా వస్తుంది. ఇది పల్నాడు కాదూ?

బాబాయి: ఏం ముచ్చటగా చెప్పావు! అది కూడా అదే కేయాసియం గూట్లోంచి వచ్చిన పిట్టే. అదలా ఉంచు. నాకొక ఇబ్బంది ఉంది దాంతో. ఆ ఆట నన్ను యోధుడిగానే ఉండమంటుంది. బ్రహ్మనాయుడి ఏడేళ్ల వలసలో నా ఆటగాళ్లు ఏమంటారో చెప్పనా? ఒకడు, నాకు ఈ పగలు వద్దు, అడవి కొట్టి చెరువు తవ్వుకుంటానంటాడు. ఇంకొకడు మాచర్ల సంతలో వర్తకుడి వేషంలో గూఢచారి పని చేస్తానంటాడు. ఇంకొకడికి జ్వరం వస్తే వైద్యుడు కావాలి. గర్ప్స్‌లో చెరువు తవ్వకానికి, మారువేషానికి, మూలికలకి, జ్వరానికి అన్నిటికీ రూలుంది. నీ ఆటల్లో కథ ముందే నిశ్చయం. చాపకూటి గురించి ఆడండి, వేరే పని పెట్టుకోకండి అని రాసినావిడే చెప్పేస్తుంది. మరి ఆడేవాళ్లకి మిగిలిందేమిటి?

మైథిలి: ముందే నిశ్చయం కాదు. చూపు ఎటువైపో నిశ్చయం. 'డ్రెడ్' అని ఒక హారర్ ఆట ఉంది. పాచికలే ఉండవు. చెక్కముక్కల జెంగా గోపురం ఒకటి మధ్యలో. కష్టమైన పని చేయాలంటే ఒక ముక్క లాగు. కూలిందా, నీ పాత్ర పోయింది. ఆ ఆటలో చెరువు తవ్వలేం. నిజమే. కానీ ఆ చెయ్యి వణికినట్టు మూడు పాచికలతో ఏ చెయ్యీ వణకదు.

బాబాయి: ఒక్క రాత్రికి. రెండో రాత్రికి?

మైథిలి: రెండో రాత్రికి ఇంకో ఆట.

బాబాయి: ఇదిగో, తేడా ఇక్కడుంది. మీ వయసుకు చెల్లుతుంది. మా బల్ల దగ్గర ఐదుగురం. ఒకడికి షిఫ్టు ఉద్యోగం. ఒకామెకి చంటిపిల్ల. నెలకొక సాయంత్రం దొరికితే గొప్ప. ఆ సాయంత్రం కొత్త రూల్స్ చదవమంటే ఎవరూ రారు. ఏళ్ల తరబడి అవే మూడు పాచికలు, అదే పద్ధతి. రోము నుంచి అంతరిక్షానికి మారినప్పుడు ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, లోకం గురించి తప్ప. రూల్స్ వాళ్లకి కనపడటం ఎప్పుడో మానేశాయి. నీకు రూల్స్ కథ చెప్పాలి. నాకు రూల్స్ పక్కకి తప్పుకోవాలి.

మైథిలి: తప్పుకోవు బాబాయ్. కనపడకుండా పనిచేస్తాయి. ఆ కుందేళ్ల పుస్తకం రాసిన స్టెఫన్ ఓసలివన్ మీవాడే కదా? ఆయనే 1992లో 'ఫడ్జ్' అని సొంతంగా తెచ్చాడు. అంకెల బదులు మాటలు పెట్టాడు. కత్తి 'భేషు', వంట 'నాసి', అలా. ధరల పట్టిక మూలకు పెట్టేశాడు. అందులోంచి 2003లో 'ఫేట్' పుట్టింది. దాంట్లో నీ పాత్ర గురించి ఒక వాక్యం రాసుకుంటావు. ఆ వాక్యం వల్ల ఇబ్బందిలో పడితే అప్పుడు నీకొక పాయింటు ఇస్తారు, ముందు కాదు. కన్నమదాసుకి పరిహారం ముందే ముట్టదు. అవమానం బల్ల మీదికి వచ్చిన క్షణాన, కథను మలుపు తిప్పే హక్కుగా ముడుతుంది. ఇదీ అన్ని లోకాల ఆటే మరి. అన్ని లోకాలకూ ఒకటి వద్దని కాదు నేననేది. మీది అన్నిటికీ ఒకటి అంటూనే ఒక లోకాన్ని నెత్తిన మోస్తోంది. మనుషులకి ధరలుండే లోకాన్ని.

బాబాయి: ఫేట్‌లో చెరువు ఎంత లోతు తవ్వాలో ఉంటుందా?

మైథిలి: ఉండదు.

బాబాయి: మా వాడు ఒప్పుకోడు. సివిల్ ఇంజనీరు. సరే, పల్నాడు ఆడదాం. వచ్చే నెల. మొదటి సీను కోడిపందెం. అక్కడ ఓడే కదా బ్రహ్మనాయుడు ఏడేళ్లు వలసపోయింది. రెండు పుంజులకీ షీట్లు నేను రాస్తాను. బలం మూడో నాలుగో, చురుకు పన్నెండు పెడదాం. సెకనుకొక టర్ను. గొప్పగా ఉంటుంది.

మైథిలి: పుంజులకి పాచికలు వద్దు. ఎవరు గెలుస్తారో బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు. నాగమ్మ పందెం కాసింది, మాట ఇవ్వాలా వద్దా అని బ్రహ్మనాయుడు ఆలోచిస్తున్నాడు. రోల్ వేయాల్సింది అక్కడ.

బాబాయి: బ్రహ్మనాయుడి పుంజు గెలిస్తే?

మైథిలి: గెలవదు.

బాబాయి: పాచికల్లో మూడు ఒకట్లు పడితే?

మైథిలి: బాబాయ్, గెలిస్తే కథే లేదు!

బాబాయి: వేరే కథ ఉంటుంది. వలస లేదు, కారంపూడి యుద్ధం లేదు, మాచర్ల ఇంకోలా ఉంటుంది. ఏమవుతుందో నాకు తెలియదు, నీకూ తెలియదు. అందుకే కదా పాచికలు వేసేది? పుంజు బలం మూడా, నాలుగా? అది చెప్పు ముందు.